కావలి లేని వేళ గృహములలో విద్యుత్ పరికరములు

పూర్వము మన గ్రామములలో గృహిణి నిద్రకు ఉపక్రమించుటకు ముందు పొయ్యిలోని కణికలపై బూడిద కప్పి, దీపము తగ్గించి, ఆ పిమ్మటనే తలుపు గడియ వేసెడిది. ఆ నిప్పు కంటికి కనబడెడిది కనుక దానిని మరచుట అరుదు. నేటి ఇంటిలో నిప్పు గోడలోని తీగలయందును, పరికరముల లోపలను దాగియున్నది. కనబడదు గనుక దానిని అట్లే వదలి పొలమునకు పోవుటయు, నిదురించుటయు అలవాటైనది. ఈ అలవాటును గూర్చి కర్నూలు, కడప ప్రాంతముల పంచాయతీ సభ్యులకు కొన్ని విషయములు మనవి చేయదలచినాము.

2025 మే నెలలో కడప జిల్లా ఎఱ్ఱగుంట్ల మండలములోని పోట్లదుర్తి గ్రామమున, ఇంటిలో చార్జింగునకు పెట్టిన విద్యుత్ స్కూటరు బ్యాటరీ ప్రేలి, సమీపమున సోఫాపై నిద్రించుచున్న ఒక వయోవృద్ధురాలు మరణించినది. ఇట్టి దుర్ఘటన ఇదియే మొదటిది కాదు. 2022 ఏప్రిల్ నెలలో కొద్ది దినముల ఎడముతో నిజామాబాదులో ఒక వృద్ధుడును, విజయవాడలో ఒక గృహస్థుడును ఇట్లే ప్రాణములు కోల్పోయిరి. మూడు చోట్లను బ్యాటరీ ఉన్నది ఇంటి లోపలనే, వేళ నిద్రవేళ, దానిని కనిపెట్టి యున్నవారు లేరు.

బ్యాటరీ ఇట్లు ఏల ప్రేలును? విద్యుత్ వాహనపు బ్యాటరీ అనగా అనేకమైన చిన్న లిథియం సెల్లుల కూర్పు. దెబ్బ తగిలినను, నీరు చేరినను, తగని చార్జరు తగిలించినను, మితిమీరి వేడెక్కినను ఏదో యొక సెల్లు తనలో తానే వేడిని పుట్టించుకొనుట ప్రారంభించును. ఆ వేడి ప్రక్క సెల్లునకు, అచటి నుండి మరియొక దానికి ప్రాకును. మండెడి వాయువులు వెలువడి నిమిషములలో గది యంతయు పొగతో నిండును. 2022 సెప్టెంబరులో సికింద్రాబాదునందు విద్యుత్ స్కూటర్లను ఉంచిన ఒక హోటలు భవనములో మంటలు లేచి ఎనమండుగురు మరణించినప్పుడు, పై అంతస్తులలోని వారికి ముప్పు తెచ్చినది ఆ పొగయే. ఇంటిలో నిద్రించువారికిని మంటకన్న ముందు పొగయే చేరును.

కేంద్ర ప్రభుత్వము ఇట్టి బ్యాటరీల భద్రతా ప్రమాణములను కఠినతరము చేసి, 2022 డిసెంబరు నుండియు, 2023 మార్చి ఆఖరు నుండియు రెండు విడతలుగా అమలు జరిపినది. ఐనను అంతకు పూర్వము అమ్ముడైన వాహనములున్నవి. చేతులు మారిన పాత బండ్లును, విప్పి మరల కూర్చిన బ్యాటరీలును ఉన్నవి. మీ గ్రామములోని బండి ఏ కోవకు చెందినదో విచారించుట మంచిది.

మన ప్రాంతమున మరియొక చిక్కు గలదు. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుట ఇచట సామాన్యము. బేతంచెర్ల బండలు, కడప బండలు పరచిన మిద్దెలు పగలు పీల్చిన వేడిని రాత్రి చాల సేపటి వరకు గదిలోనికి వదలుచుండును. మిట్టమధ్యాహ్నము ప్రొద్దుటూరు పోయి వచ్చిన బండిని ఆ గదిలోనికి నెట్టి వెంటనే చార్జింగునకు పెట్టినచో బ్యాటరీకి చల్లారు వ్యవధి ఏది? కనీసము ఒక గంట నీడలో ఉంచి, మనుష్యులు మేలుకొని యుండు వేళలో, వసారాలోనో, గాలి యాడు పంచలోనో చార్జింగు చేయవలెను. బండి దొంగల పాలగునను భయముతో దానిని రాత్రి లోపల ఉంచువారు కలరు. ఆ భయము అర్థము కానిది కాదు. ఉంచుకొనవచ్చును గాని, చార్జింగు తీసివేసి ఉంచవలెను. గుమ్మమునకు అడ్డముగా మాత్రము ఎన్నడును నిలుపరాదు. మన పాత ఇండ్లకు తరచుగా వాకిలి ఒక్కటియే. అచటనే మంట లేచినచో లోపలివారికి త్రోవ ఉండదు.

ప్రత్తి ఏరిన దినములలో ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల రైతులు ధర వచ్చు వరకు ప్రత్తిని ఇంటిలోనే కుప్ప పోయుదురు. ఆ గదిలో చార్జరు గాని, ఇస్త్రీ పెట్టె గాని, అతుకులు వేసిన తీగ గాని ఉండరాదు. ఇందులో మినహాయింపు లేదు.

స్కూటరు లేని ఇంటిలోను అపాయము కలదు. బకెట్టులో హీటరు పెట్టుదురు. ఇంతలో కరెంటు పోవును. స్విచ్చి తీయుట మరచి ఇంటిల్లపాది చేనికి పోవుదురు. కరెంటు తిరిగి వచ్చును. నీరు ఇంకిపోవును, ప్లాస్టిక్ బకెట్టు కరగును, తక్కినది ఊహించుకొనవచ్చును. కరెంటు పోయిన క్షణముననే స్విచ్చి తీయు అలవాటును పిల్లలకు సహితము నేర్పవలెను. పైగా 1,500 వాట్ల హీటరు 230 వోల్టుల వద్ద సుమారు ఆరున్నర ఆంపియర్లు తీసికొనును. దానిని 6 ఆంపియర్ల సాకెట్టులో గ్రుచ్చుట ఎద్దు మోయు బరువును దూడపై పెట్టుట వంటిది. ఎల్లప్పుడు నడువవలసినది ఫ్రిజ్జు ఒక్కటే. దానికిని వెనుక గాలి యాడు ఎడము ఉంచవలెను.

ఫ్యూజు కాలినప్పుడెల్ల లావుపాటి తీగ చుట్టుట మన పల్లెలలో గొప్ప నేర్పుగా చెలామణి యగుచున్నది. ఫ్యూజు కాలుట లోపము కాదు, హెచ్చరిక. తీగ లావైనచో ఫ్యూజు నిలుచును, గోడలోని తీగ కాలును. ఎర్తు విషయమును మరువరాదు. వానలు లేని నెలలలో మన నేల ఎండి బిగిసి విద్యుత్తును సరిగా గ్రహింపజాలదు. ఎర్తు గుంతలో బొగ్గు, ఉప్పు ఉన్నవో లేవో చూచి, వేసవిలో అప్పుడప్పుడు నీరు పోయుచుండవలెను.

ఇక పంచాయతీ చేయదగిన పనులు. ఉపన్యాసములకన్న పంచాయతీ కార్యాలయపు వసారాలో ప్రత్యేకమైన తీగతో ఒక చార్జింగు స్థలము ఏర్పరచి, వాడుకను బట్టి రుసుము తీసికొనుట మేలని మా అభిప్రాయము. గ్రామ సచివాలయములోని ఇంధన సహాయకుని సహాయముతో పాత ఇండ్ల తీగలను ఒకమారు చూపించవచ్చును. మరియొక ముఖ్య విషయము నీరు. ప్రొద్దుటూరు నుండి గాని, ఆదోని నుండి గాని అగ్నిమాపక శకటము వచ్చునప్పటికి అది తెచ్చిన నీరు కొద్ది నిమిషములలో అయిపోవచ్చును. ఏప్రిల్, మే నెలలలో చెరువులు ఎండియుండును. కనుక ఓవర్‌హెడ్ ట్యాంకు నుండి శకటమునకు నీరెక్కించు ఏర్పాటు ఉన్నదా, దాని తాళము ఎవరి వద్ద నున్నది, ఆ వ్యక్తి ఫోను నంబరు ఎందరికి తెలియును అను ప్రశ్నలు ముందే వేసికొనవలెను. వీధులకు అడ్డముగా వామి వేసినచో శకటము ఊరి వెలుపలనే నిలిచిపోవును.

బ్యాటరీ నుండి బుస వినబడినను, ఘాటైన వాసన వచ్చినను, అది ఉబ్బినను దాని చెంతకు పోరాదు. ముందు మనుష్యులు వెలుపలికి రావలెను. మెయిన్ స్విచ్చి సులభముగా అందినచో తీయవలెను, లేనిచో వదలివేయవలెను. 101కు గాని, 112కు గాని ఫోను చేసి, కాలుచున్నది బ్యాటరీ యని స్పష్టముగా చెప్పవలెను. ఏలయన అట్టి మంట ఆరినట్లు కనబడి గంటల తరువాత మరల రగులుకొనవచ్చును. విద్యుత్ సరఫరా లోపములకు 1912 నంబరు కలదు.

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో జరిగిన ప్రేలుడులో మరణించిన అగ్నిమాపక సిబ్బంది స్మృత్యర్థము ఏటేట ఏప్రిల్ 14 నుండి 20 వరకు అగ్నిమాపక వారోత్సవములు జరుగును. ఆ వారములో తమ గ్రామమునకు వచ్చి ప్రదర్శన ఇవ్వవలసినదిగా సమీప అగ్నిమాపక కేంద్రమును పంచాయతీ వ్రాతమూలకముగా కోరవచ్చును. 24వ తేదీ జాతీయ పంచాయతీ రాజ్ దినోత్సవము. ఆ దినపు గ్రామసభలో చార్జింగు స్థలము, ట్యాంకు తాళము అను రెండు అంశములను చర్చకు పెట్టవచ్చును.