మాట రాని బిడ్డకు చేయి పట్టి నేర్పేవారు

మూడేళ్లు నిండినా బిడ్డకు మాటలు రావు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. బొమ్మకారు చక్రం తిప్పుతూ గంటలు గడుపుతాడు. స్టేషన్ ఘన్‌పూర్ లాంటి ఊళ్లో అలాంటి ఇంట్లో మొదట వినిపించేవి రెండు మాటలు. "మగపిల్లలకు మాటలు ఆలస్యమే" అని ఒకరు, "గాలి సోకిందేమో, తాయెత్తు కట్టించండి" అని మరొకరు. దుఆ చేయవలసిందే. కాని వైద్యం చేయించుకోమని బోధించినవారు కూడా దైవప్రవక్త (స) గారే. తాయెత్తులతో గడిచిపోయే ఆ రెండేళ్లూ బిడ్డ మెదడు త్వరగా నేర్చుకునే కాలం.

ఆటిజం జిన్ను పని కాదు, తల్లి పెంపకంలో లోపం అంతకన్నా కాదు. అది మెదడు ఎదుగుదలలో తేడా. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఇదీ ఉంది.

అమెరికాలో ఇలాంటి పిల్లల కోసం 'బిహేవియర్ టెక్నీషియన్' అనే ఉద్యోగి ఉంటాడు. ఇతడు డాక్టరు కాదు. 40 గంటల శిక్షణ పొంది, పరీక్ష రాసి వస్తాడు. పై నిపుణుడు వేసిన ప్రణాళిక ప్రకారం బిడ్డ పక్కన కూర్చుని ఆటలోనే నేర్పుతాడు. బిడ్డ ఏది ఎన్నిసార్లు చేశాడో రాసిపెడతాడు. మన దగ్గర ఈ పని స్పెషల్ టీచర్లు, థెరపిస్టులు చేస్తారు. మిగతా భారమంతా అమ్మీదే.

ఆ పద్ధతి ఎలా ఉంటుందో వుజూతో చూడండి. మనకది ఒకే పని, ఆ బిడ్డకు పది పనులు. చేతులు, నోరు, ముక్కు, ముఖం అన్నీ తల్లే కడిగించి, చివరి పాదం ఒక్కటి బిడ్డచేత కడిగించాలి. కడగగానే మెచ్చుకోవాలి. అది వచ్చాక దానికి ముందున్న పాదం. తొందరపడితే పని చెడుతుంది. కొడితే బిడ్డ నీళ్లంటేనే భయపడతాడు.

దైవప్రవక్త (స) ఇంట పెరిగిన ఉమర్ బిన్ అబీ సలమా (రజి) చిన్నతనంలో భోజనం వేళ పళ్లెమంతా చేయి తిప్పేవారు. ఆయన కోప్పడలేదు. బిస్మిల్లాహ్ అనాలని, కుడిచేత్తో తినాలని, తన ముందున్నదే తినాలని అక్కడికక్కడే చెప్పారు. ఆ అలవాటు ఆ బాలుడికి జీవితాంతం నిలిచింది.

ఇంకో సందేహం మన ఇళ్లలో ఎక్కువ. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, అందుకే మాట రాలేదా? కాదు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం రాదు, ముదరదు. బిడ్డ "పానీ" అని అడిగినా, గ్లాసు చూపించినా వెంటనే నీళ్లివ్వాలి. అడిగితే దొరుకుతుందని తెలిస్తేనే కదా మళ్లీ అడిగేది!

పూర్తిగా నయం చేస్తామని వేలకు వేలు అడిగేవారిని నమ్మకండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ ఉంది. మానసిక వికలాంగుల సంస్థగా పెద్దలకు తెలిసినది అదే. ఇప్పుడు పేరు మారింది. ఘన్‌పూర్‌లో రైలెక్కితే సికింద్రాబాద్‌లో దిగవచ్చు. మండలాల్లోని భవిత కేంద్రాల గురించి సర్కారు బడి హెడ్మాస్టరును అడగండి. వెళ్లేటప్పుడు బిడ్డ ఎప్పుడు ఏడుస్తాడో, ఏది ఇస్తే ఊరుకుంటాడో ఒక వారంపాటు నోటుబుక్కులో రాసి తీసుకెళ్లండి. అక్కడివారు మొదట అడిగేది అదే.