పన్నెండేళ్లకు మొదటి పల్టీ

మా క్వార్టర్లో పగలు చప్పుడు చేయడం పెద్ద నేరం. ఆయన రాత్రి షిఫ్టు చేసి వచ్చి పడుకుంటే కుక్కర్ విజిల్ కూడా మోగనివ్వను. గోదావరిఖనిలో సగం ఇళ్లలో ఇదే తంతు. అలాంటి ఇంట్లో మా పెద్దమ్మాయి ముందు గదిలో పరుపు పరిచి పల్టీలు కొడుతోందని నాకు చాలా రోజులు తెలియనే లేదు. ఒకనాడు గోడ మీద నీడ కదిలితే తొంగి చూశాను. పిల్లి దూకినట్టు దిగుతోంది. బాపు నిద్ర లేస్తాడన్న భయంతో దానంతట అది నేర్చుకున్న విద్య అది.

"అమ్మా, నేను పోటీలకు పోతా" అంది. అప్పటికి దానికి పన్నెండు నిండాయి.

ఆ ఎండాకాలం సెలవుల్లో పట్నంలో మా అక్క ఇంటికి వెళ్లినప్పుడు ఒక కోచ్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పిల్ల చేసేది చూడనే లేదు. వయసు అడిగాడు, చెప్పాను. "ఆరేళ్లప్పుడు తేవాల్సిందమ్మా" అన్నాడు. అంతే. తిరుగు బస్సులో అది కిటికీ వైపు తిరిగి కూర్చుంది. దాని ఆరో ఏట నేనేం చేస్తున్నానా అని లెక్క వేసుకున్నాను. చిన్నవాడు కడుపులో ఉన్నాడు. అత్తమ్మకు కాలు విరిగింది. సగంలో వదిలేసిన కథ ఒకటి ఇప్పటికీ ట్రంకు పెట్టెలోనే ఉంది. పిల్ల ఒళ్లు ఎటు వంగుతుందో చూసే తీరిక ఎక్కడిది?

కోపం చల్లారాక, ఆయన మాటలో నిజమెంతో తెలుసుకుందామని చదవడం మొదలుపెట్టాను. నిజం చాలానే ఉంది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో పదికి పది మార్కులు తెచ్చుకున్న రుమేనియా పిల్ల నాడియా కొమనెచ్చికి అప్పుడు పద్నాలుగేళ్లు! ఆ తర్వాత పెద్దల పోటీలకు కనీస వయసు 1981లో 15కు, 1997లో 16కు పెంచారు. పదహారేళ్లకు అన్నీ వచ్చి ఉండాలంటే ఆరేళ్లకు మొదలుపెట్టక తప్పదు మరి. హకీంపేట క్రీడా పాఠశాలలో కూడా పిల్లల్ని 4వ తరగతిలోనే చేర్చుకుంటారు. పైగా చిన్నపిల్లలకు ఒళ్లు తేలిక, భయం తక్కువ. పదకొండు, పన్నెండేళ్లకు ఆడపిల్ల ఒక్కసారిగా ఎదుగుతుంది. ఎత్తు, బరువు, తూకం అన్నీ మారిపోతాయి. చిన్నప్పటి నుంచి చేస్తున్నవాళ్లే ఆ వయసులో తడబడతారట. మా పిల్ల సరిగ్గా అక్కడే మొదలుపెడతానంటోంది.

ధైర్యం చెప్పే పేర్ల కోసం వెతికాను. మన హైదరాబాద్ అమ్మాయి బుద్దా అరుణారెడ్డి ముందు కరాటే నేర్చుకుని, ఆ తర్వాత జిమ్నాస్టిక్స్‌కు మారింది. లాల్ బహదూర్ స్టేడియంలో సాధన చేసింది. ప్రోత్సహించిన తండ్రి 2010లో పోయారు. 2018లో మెల్‌బోర్న్ ప్రపంచ కప్‌లో వాల్ట్‌లో 13.649 మార్కులతో కాంస్యం తెచ్చింది. ప్రపంచ కప్‌లో మనదేశానికి అదే మొదటి వ్యక్తిగత పతకం. 2019లో మోకాలి లిగమెంటు తెగితే ఆపరేషన్ చేయించుకుని, 2021లో కైరోలో రెండు స్వర్ణాలు గెలిచింది. కానీ ఆమె కూడా పన్నెండు దాకా ఆగలేదు. చిన్నతనంలోనే మారింది.

ఉజ్బెకిస్థాన్ ఒక్సానా చుసోవితినా సంగతి చదివి కళ్లు చెమర్చాయి. కొడుక్కి లుకేమియా వస్తే వైద్యం కోసం జర్మనీ వెళ్లి, పోటీల మీద వచ్చిన డబ్బుతో నెట్టుకొచ్చింది. 33 ఏళ్లకు బీజింగ్‌లో రజతం, 46 ఏళ్లకు ఎనిమిదో ఒలింపిక్స్. అయితే ఆమె ఆలస్యంగా మానలేదన్న మాటే కాని, ఆలస్యంగా మొదలుపెట్టింది కాదు. ఈ తేడా మనసుకు పట్టడానికి నాకు కొంత టైం పట్టింది.

చివరికి నాకు పనికొచ్చిన పేరు యెలెనా ఇసిన్‌బయేవా. రష్యా అమ్మాయి. జిమ్నాస్టిక్స్‌కు మరీ పొడుగైపోయిందని 15 ఏళ్లకు పోల్‌వాల్ట్‌కు మారి, రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచింది. చిన్నప్పుడు గాలిలో ఒళ్లు తిప్పడం నేర్చింది ఎక్కడికీ పోలేదు. సరే, ఒలింపిక్స్ మాట పక్కన పెడదాం అనుకున్నాం తల్లీకూతుళ్లం. స్కూల్ గేమ్స్‌లో అండర్ 14, 17, 19 విభాగాలున్నాయి. అక్కడ నిలబడితే చాలు.

ఇంట్లో ఒప్పించడమే కష్టమైంది. "ఈడొచ్చిన పోరికి గీ దొమ్మరాటేంది బిడ్డా?" అంది అత్తమ్మ. నా చిన్నప్పుడు మా ఊరి వాకిట్లో గడ మీద పడుకుని గిరగిరా తిరిగిన దొమ్మరామెను నోళ్లు తెరుచుకుని చూసి, చేటెడు బియ్యం పోసినవాళ్లమే. ఆ విద్య పేరునే తిట్టుగా ఎందుకు వాడతామో! ఈ మాట పైకి అనలేదు లెండి.

ఆయన ఒప్పుకున్నారు కాని, ఒక షరతు పెట్టారు. పరుపు మీద వెనక్కి పల్టీలు బంద్. "ముందుగాల సపోర్టు పెట్టాలె, ఆ తర్వాతనే అడుగు ముందుకెయ్యాలె. బాయిల మాకు గదే నేర్పిండ్రు" అన్నారు. ఆదివారాలు బస్సెక్కి వేరే ఊరికి పోయి నేర్చుకునే ఏర్పాటు చేశాం. ఈ కోచమ్మ కూడా అదే చెప్పింది. మెత్తటి మ్యాట్, పక్కన పట్టుకునే మనిషి లేకుండా వెనక్కి తిరిగితే మెడకు ప్రమాదం. మొదటి మూడు నెలలు గోడకు ఆనుకుని చేతుల మీద నిలబడడం, పుల్‌అప్‌లు, కాళ్లు చాపడం, ముందుకు దొర్లడమే. ఎదిగే వయసులో మణికట్టు ఎముకలు లేతగా ఉంటాయి కాబట్టి నొప్పి అంటే ఆపేయమంది, ఓర్చుకోమనలేదు. ఆ ఒక్క మాటకే ఆమె మీద గురి కుదిరింది.

బీమ్ 5 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు, నేల నుంచి 1.25 మీటర్ల ఎత్తు. ఆయన సామిల్లులో అదే పొడవు, అదే వెడల్పు చెక్క కోయించి, చిత్రిక పట్టించి తెచ్చి జామచెట్టు కింద నేల మీదే పరిచారు. ఎత్తు వద్దన్నారు. సెకండ్ షిఫ్టు వారంలో పొద్దున్నే కూర్చుని అది తూలినప్పుడల్లా వేళ్లు మడుస్తుంటారు. వాడకట్టు పిల్లలంతా దాని మీద నడవడానికి వరుస కట్టారు.

ఇక మనం గొంతు తగ్గించి మాట్లాడుకునే సంగతి. నాలుగో నెలలో పిల్ల పెద్దమనిషయింది. అత్తమ్మ పదకొండు రోజులు గడప దాటొద్దంది. అది ఐదో రోజున నా దగ్గరికొచ్చి, "నేను లావైతనా అమ్మా? అన్నం తగ్గియ్యాల్నా?" అని అడిగింది. జిమ్నాస్ట్‌లు సన్నగా ఉంటారని ఎక్కడో చూసిందట. గుడ్డు, పల్లీపట్టీ ఎక్కువ పెట్టాను. పొట్టి దుస్తుల గురించి కోచమ్మనే అడిగితే, చీలమండల దాకా కప్పే బిగుతు దుస్తులకు అంతర్జాతీయ పోటీల్లోనే అనుమతి ఉందని చెప్పింది. టోక్యో ఒలింపిక్స్‌లో జర్మనీ అమ్మాయిలు అవే వేసుకున్నారట. అత్తమ్మకు ఆ ఫొటో చూపించాను. "గిట్లయితె మంచిగనే ఉంది" అంది.

ఏడాది తర్వాత మొదటి పోటీ. తనకంటే మూడేళ్లు చిన్నపిల్లలు కాగితపు బొమ్మల్లా తిరుగుతుంటే మావాళ్ల ముఖం వాడింది. బీమ్ మీద నుంచి రెండుసార్లు పడింది. పడితే ఒక మార్కు పోతుంది, లేచి మళ్లీ ఎక్కాలి. ఎక్కింది. తొమ్మిది మందిలో ఎనిమిదో స్థానం. కాని ఆఖర్న కిందికి దూకినప్పుడు చప్పుడే కాలేదు. జడ్జీల బల్ల దగ్గర ఒకామె తల ఎత్తి చూసింది.

ఇంటికొచ్చేసరికి రాత్రి పదయింది. ఆయన డ్యూటీకి బయలుదేరుతున్నారు. "ఎన్నోది?" అన్నారు. "ఎనిమిది" అంది. "అయితే వచ్చేసారి ఏడు" అని టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయారు.