చాందీపుర వైరస్

2024 వానాకాలంలో గుజరాత్‌లో పిల్లల ప్రాణాలు తీసి మళ్లీ వార్తల్లోకెక్కిన వైరస్ ఇది. 1965లో నాగపూర్ దగ్గరి చాందీపుర గ్రామంలో జ్వరపీడితుల రక్తంలో దీన్ని తొలిసారి కనుగొన్నారు. రేబిస్ వైరస్ కుటుంబానికే చెందినదైనా చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు మెదడువాపు వచ్చి, 183 మంది చనిపోయాక గానీ దీని తీవ్రత తెలిసిరాలేదు. వరంగల్ జిల్లా, పక్కనున్న కరీంనగర్ బాగా దెబ్బతిన్నాయి.

దీన్ని మోసుకొచ్చేది శాండ్‌ఫ్లై. దోమకంటే చాలా చిన్నది, మామూలు దోమతెర కళ్లలోంచి కూడా దూరిపోతుంది. మట్టిగోడల పగుళ్లు, పశువుల కొట్టంలోని తేమ దాని నెలవు. పగుళ్లు పూడ్చడం, పేడకుప్పను ఇంటికి దూరంగా వేయడం, గోడలకు మందు కొట్టించడం, పొద్దుగూకాక పిల్లలకు నిండా బట్టలు తొడగడం దీనికి అడ్డుకట్టలు.

ఈ వైరస్ సోకితే ఉన్నట్టుండి తీవ్ర జ్వరం, వాంతులు, ఫిట్స్, మగత, ఆపై కోమా. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. టీకా లేదు, ప్రత్యేకమైన మందూ లేదు. ఫిట్స్ వచ్చిన బిడ్డ చేతిలో తాళంచెవులు పెడితే వృథా అయ్యేది సమయమే. పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా, 108లో వెంటనే పెద్దాసుపత్రికి తరలించాలి. జ్వరాన్ని, ఫిట్స్‌ను, మెదడువాపును అదుపు చేయడమే అక్కడి చికిత్స.