పది బై పది గదిలో పది లక్షల స్పీకర్లు

నాటిలస్ అని ఒక స్పీకరుంది. ఇంగ్లండుకు చెందిన బవర్స్ అండ్ విల్కిన్స్ సంస్థ దాన్ని 1993లో తెచ్చింది. చూడ్డానికి నాలుగడుగుల ఎత్తున నిలబెట్టిన నత్తగుల్లలా ఉంటుంది. ఒక్కో స్పీకరులో శబ్దాన్ని పుట్టించే నాలుగు డ్రైవర్లు, ఒక్కో డ్రైవరు వెనక సన్నబడుతూ పోయే గొట్టం. డ్రైవరు ముందుకు పంపినట్టే వెనక్కీ శబ్దం పంపుతుంది. ఆ వెనకటి శబ్దం పెట్టె గోడలకు తగిలి తిరిగొచ్చి ముందరి శబ్దాన్ని పాడుచేయకుండా గొట్టంలోనే అణగిపోవాలన్నది ఉద్దేశం. జతను నడపడానికి ఎనిమిది ఛానెళ్ల యాంప్లిఫయర్లు కావాలి. మేలైన శబ్దం కోసం పరితపించే ఆడియోఫైల్స్ కలల స్పీకర్ల చిట్టా రాసుకుంటే అందులో దీనికి తప్పకుండా చోటుంటుంది. పనితనానికి వంక పెట్టలేం. కానీ ఇంత శ్రమపడి చిన్న పెట్టెలో ప్రతిధ్వనిని చంపేశాక దాన్ని నాలుగు గోడలు, ఒక నేల, ఒక స్లాబు ఉన్న పెద్ద పెట్టెలోకి తీసుకెళ్లి పెడతాం. అక్కడ ప్రతిధ్వనిని ఆపేదెవరు? ఇంట్లో ఆదర్శమైన సంగీతం వినాలన్న అన్వేషణ దశాబ్దాలుగా స్పీకరు చుట్టూనే తిరుగుతోంది. చెవికి చేరే దాంట్లో గది వాటా స్పీకరు వాటాకు ఏమాత్రం తీసిపోదు. దాన్ని వదిలేసి స్పీకరు మీద ఎంత కుమ్మరించినా దక్కేది కొంతే. మన ఇళ్లలో అయితే గది పెత్తనం మరీ ఎక్కువ.

శబ్దం సెకనుకు సుమారు 344 మీటర్లు ప్రయాణిస్తుంది. ఆ లెక్కన 50 హెర్ట్జ్ బేస్ స్వరానికి తరంగదైర్ఘ్యం దాదాపు 7 మీటర్లు, మామూలు పడకగది పొడవుకు రెట్టింపు. అంత పెద్ద తరంగం ఎదురెదురు గోడల మధ్య ఇరుక్కుపోతుంది. గోడల మధ్య దూరం సగం తరంగదైర్ఘ్యానికి సరిపోయిందంటే అది స్థిర తరంగంగా నిలబడి గదినే మోగిస్తుంది. పదడుగుల దూరానికి ఈ అనునాదం 56 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. మన అపార్టుమెంట్లలో పడకగది చాలాచోట్ల పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. స్లాబు ఎత్తూ దాదాపు అంతే. అంటే మూడు దిక్కుల అనునాదాలూ ఒకే స్వరం మీద వచ్చి పడతాయి. ధ్వనిశాస్త్రం దృష్టిలో ఇంతకన్నా చెడ్డ ఆకారం వెతికినా దొరకదు. బేస్ గిటారులో ఎ తీగ స్వరం 55 హెర్ట్జ్. పాటలో అది వచ్చినప్పుడల్లా గది హోరెత్తుతుంది, పక్క స్వరాలు పేలవంగా మిగిలిపోతాయి. పైస్థాయి స్వరాల్లో ఈ బెడద తగ్గుతుంది. ఎక్కడ తగ్గుతుందో లెక్కగట్టే సూత్రం జర్మన్ భౌతిక శాస్త్రవేత్త మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ పేరు మీద ఉంది. ఇళ్లలోని గదులకు ఆ సరిహద్దు సుమారు 200 నుంచి 300 హెర్ట్జ్ మధ్య పడుతుంది. దాని పైన మనం ఎక్కువగా వినేది స్పీకరును, కింద ఎక్కువగా వినేది గదిని.

ఈ దృష్టితో చూస్తే స్పీకర్ల చరిత్ర కొత్తగా కనిపిస్తుంది. జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ 1925లో కాయిల్‌తో కదిలే కోను స్పీకరు గురించి ప్రకటించిన పత్రమే ఈనాటి కోను డ్రైవర్లకు మూలం. ఆ తర్వాత పేరు మోసిన ప్రతి స్పీకరూ గదితో ఎలా వేగాలన్న ప్రశ్నకు ఒక్కో జవాబు. అమెరికాలోని ఆర్కన్సాలో పాల్ క్లిప్ష్ 1940లలో తయారుచేసిన క్లిప్ష్‌హార్న్‌ను గది మూలలోనే పెట్టాలి. మూలలోని రెండు గోడలూ దాని హార్న్‌కు చివరి భాగంగా పనిచేస్తాయి. గదిని స్పీకరులో కలిపేసుకున్నాడన్నమాట. 1957లో పీటర్ వాకర్ అమ్మకానికి తెచ్చిన క్వాడ్ ఎలక్ట్రోస్టాటిక్‌ది వేరే దారి. పెట్టే లేని పలుచని పొర అది. ముందుకూ వెనక్కూ సమానంగా మోగుతుంది, పక్కల రెండు శబ్దాలూ ఒకదాన్నొకటి రద్దుచేసుకుంటాయి. అందువల్ల పక్క గోడల జోక్యం తగ్గింది, కానీ వెనక గోడకు బాగా దూరంగా జరపాల్సి వచ్చింది. 1970లలో బీబీసీ తన అవుట్‌డోర్ ప్రసార వ్యాన్ల కోసం రూపొందించిన ఎల్ఎస్3/5ఎ బుల్లి పెట్టె. దాంట్లో లోతైన బేస్ లేదు. గదిని రెచ్చగొట్టే స్వరాల జోలికే పోలేదు కనుకే చిన్న గదుల్లో కంఠస్వరం దాంట్లో అంత నిర్మలంగా పలికిందని నా అభిప్రాయం. దాన్ని ఆరాధించేవాళ్లు ఈ మాట ఒప్పుకోకపోవచ్చు. ఇక అమర్ బోస్ తయారుచేసిన 901 (1968) అయితే తొమ్మిది డ్రైవర్లలో ఎనిమిదింటిని గోడ వైపే తిప్పింది. కచేరీ హాలులో శ్రోతకు అందే శబ్దంలో ఎక్కువ భాగం గోడల మీది నుంచి తిరిగొచ్చేదే కాబట్టి ఇంట్లోనూ అలాగే ఉండాలన్నది ఆయన వాదన. వాదన చక్కనిదే, కానీ కచేరీ హాలు గోడ ఎక్కడో దూరాన ఉంటుంది, ఇంటి గోడ మూడడుగుల్లో ఉంటుంది. తిరిగొచ్చే శబ్దానికి పట్టే సమయం మారితే చెవికి కలిగే అనుభూతీ మారిపోతుంది.

గదిని లెక్కలోంచి తప్పిస్తే ఏమవుతుందో చూపిన ప్రదర్శనలు కూడా జరిగాయి. ఎడ్గార్ విల్చర్ స్థాపించిన అకౌస్టిక్ రీసెర్చ్ సంస్థ 1960ల మొదట్లో ఫైన్ ఆర్ట్స్ క్వార్టెట్ అనే నలుగురు వాయిద్యకారుల బృందాన్ని వేదిక మీద కూర్చోబెట్టి, కాసేపు వాళ్ల వాయిద్యం, కాసేపు ఏఆర్-3 స్పీకర్లలో వాళ్ల రికార్డింగు వినిపించింది. ఎక్కడ మారిందో ప్రేక్షకులు తరచూ పట్టుకోలేకపోయారు. స్పీకరు పరిపూర్ణమైందనడానికి దీన్ని రుజువుగా చూపేవారు. నాకు మాత్రం దాంట్లో మరో పాఠం కనిపిస్తుంది. అక్కడ వాయిద్యానికీ స్పీకరుకూ హాలు ఒక్కటే. రెండింటినీ అదే హాలు ఒకేలా మలిచింది కాబట్టి తేడా సన్నగిల్లింది.

మరి మంచి స్పీకరంటే ఏమిటో ఎవరైనా తేల్చారా? చాలావరకు తేలింది. కెనడాలోని నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లో ఫ్లాయిడ్ టూల్ ఏళ్ల తరబడి తెర చాటున స్పీకర్లు మోగించి శ్రోతలతో మార్కులు వేయించారు. 1985, 1986లో ఆయన ప్రచురించిన ఫలితాల ప్రకారం, పేరూ ధరా తెలియనప్పుడు మనుషుల తీర్పులు ఆశ్చర్యపోయేంతగా ఏకీభవిస్తాయి. ఎదురుగా కొలిస్తే అన్ని స్వరాలనూ సమంగా పలికే స్పీకరు, పక్కలకు పంపే శబ్దంలోనూ ఎగుడుదిగుళ్లు లేని స్పీకరు గెలుస్తూ వచ్చింది. రెండో షరతు ఎందుకంటే, పక్కలకు వెళ్లిన శబ్దమే గోడలకు తగిలి మళ్లీ మన చెవికి వస్తుంది. టూల్ 1991లో హార్మన్ సంస్థకు మారాక షాన్ ఆలివ్‌తో కలిసి 1994లో నలభై మంది ఉద్యోగులతో ఇంకో పరీక్ష చేశారు. అవే స్పీకర్లను కళ్లతో చూస్తూ ఒకసారి, చూడకుండా ఒకసారి విన్నారు. చూసినప్పుడు పెద్ద, ఖరీదైన పెట్టెలకు మార్కులు పెరిగాయి. అంతకన్నా విలువైన సంగతి ఇంకోటి: చూడకుండా విన్నప్పుడు గదిలో స్పీకరు చోటు మారితే వెంటనే స్పందించారు, చూస్తూ విన్నప్పుడు ఆ తేడాను పెద్దగా పట్టించుకోలేదు. కళ్లు తెరిస్తే గది మాయమైపోతోందన్నమాట. 2004లో ఆలివ్ కేవలం కొలతల ఆధారంగా శ్రోతల మార్కులను ఊహించే సూత్రం ప్రకటించారు. 70 స్పీకర్ల మీద అది 0.86 సహసంబంధం చూపింది. ఆ మార్కుల్లో దాదాపు 30 శాతం బేస్‌దే. బేస్ గది చేతిలో ఉంటుందని చూశాం కదా. కనుక ప్రయోగశాలలో తేలిన అత్యుత్తమ స్పీకరు కూడా ఇంటికొచ్చాక దాదాపు మూడో వంతు మార్కులను గదికి తాకట్టు పెట్టాల్సిందే.

ఇక్కడ అభ్యంతరాలు వస్తాయి. హార్మన్ స్పీకర్లు అమ్ముకునే సంస్థ, దాని పరిశోధనను ఎలా నమ్మాలి అంటారు. మూల ఫలితాలు ప్రభుత్వ సంస్థలో వచ్చినవి. పద్ధతీ అంకెలూ అచ్చులో ఉన్నాయి, ఎవరైనా తప్పు పట్టొచ్చు. ఎవరి రుచి వారిదంటారు. 2003లో ఆలివ్ ప్రచురించిన పరీక్షలో 268 మంది పాల్గొన్నారు. శిక్షణ ఉన్నవాళ్లు కఠినంగా మార్కులు వేశారు, లేనివాళ్లు ఉదారంగా వేశారు. స్పీకర్ల వరస మాత్రం దాదాపు అదే. బేస్ ఎంత ఉండాలన్న విషయంలో మనుషులు నిజంగానే వేరుపడతారు. దానికి పాతకాలపు బేస్, ట్రెబుల్ మీటలు చాలు. లక్షలు పోసే యాంప్లిఫయర్లలో అవే కనిపించకుండా పోవడం ఈ రంగంలోని వింతల్లో ఒకటి. మూడో అభ్యంతరం బలమైనది: సంగీతంలోని జీవాన్ని కొలతలు పట్టలేవు అని. ఈ పరిశోధనలో తీర్పు చెప్పింది చెవులే. చెవులు ఇష్టపడ్డవాటిలో ఉమ్మడిగా ఏముందో వెతకడానికే మైక్రోఫోను తర్వాత వచ్చింది. జీవాన్ని చెవి పట్టుకోగలిగితే తెర వెనక కూడా పట్టుకోవాలి.

చెవితో చేసే పరీక్షకు ఒక్క స్పీకరే మేలు. ఒకే స్పీకరు విన్నప్పుడే లోపాలు బాగా బయటపడతాయనీ, రెండు కలిస్తే అవి కొంత మరుగున పడతాయనీ టూల్ గమనించారు. ఘంటసాల కాలపు పాటల్లో ఎక్కువ మోనోలో రికార్డయినవే. లోతైన బేస్‌ను ఆ పాటలతో పరీక్షించలేం గానీ, కంఠం పలికే మధ్యస్థాయిని పరీక్షించడానికి ఒక్క స్పీకరులో అలాంటి పాటను మించింది మనవాళ్లకు ఏముంటుంది!

ఇక మన ఇళ్ల సంగతి. స్పీకర్ల సమీక్షలు ఎక్కువగా అమెరికా నుంచి వస్తాయి. అక్కడి ఇళ్లు చాలావరకు చెక్క చట్రాలకు జిప్సం పలకలు బిగించి కట్టినవి. బేస్ తగిలితే పలక కొద్దిగా వణుకుతుంది, వణికినంత మేర శక్తిని మింగేస్తుంది. మన ఇటుక గోడ, సిమెంటు ప్లాస్టరింగు, కాంక్రీటు స్లాబు వణకవు. వచ్చిన బేస్‌ను వచ్చినట్టే తిప్పి కొడతాయి. డాలస్‌లో బంధువు ఇంట్లో హాయిగా మోగిన జత హైదరాబాద్ ఫ్లాటులో హోరెత్తితే తప్పు స్పీకరుది కాదు. పైస్థాయి స్వరాల తంటా వేరే. హార్వర్డ్‌లో వాలెస్ సబీన్ 1890లలో ప్రయోగాలు చేసి కనుక్కున్న సూత్రంతో లెక్కేస్తే, ఇరవై అడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న ఖాళీ హాలులో, గోడలూ నేలా సగటున 3 శాతం శబ్దాన్నే పీల్చుకుంటాయనుకుంటే, ప్రతినాదం చల్లారడానికి మూడు సెకన్లు దాటుతుంది. సంగీతం వినే గదికి అర సెకను, అంతకన్నా తక్కువ ఉంటే మంచిది. సోఫా, పరుపు, దట్టమైన పరదాలు, పుస్తకాల బీరువా వచ్చాక ఈ అంకె బాగా దిగుతుంది. టైల్స్ మీద పెద్ద తివాచీ పరిస్తే గదిలోని గింగురు తగ్గుతుంది, బేస్‌ను మాత్రం అది తాకనైనా తాకదు. మన ఇళ్లకు రెండు కలిసొచ్చే అంశాలున్నాయి. హాలు సాధారణంగా డైనింగ్‌లోకి తెరుచుకునే ఉంటుంది కాబట్టి కొంత బేస్ అటు జారిపోతుంది. జిప్సం ఫాల్స్ సీలింగ్ అందం కోసం వేయించుకున్నదే అయినా అమెరికా గోడ చేసే పనిని కొంతవరకు చేస్తుంది.

ఇదంతా ఎందుకు, మైక్రోఫోనుతో కొలిచి సాఫ్ట్‌వేరుతో సరిదిద్దుకోవచ్చు కదా అన్నది ఈమధ్య వినిపించే మాట. సగమే నిజం. గది ఉబ్బించిన స్వరాన్ని సాఫ్ట్‌వేరు తగ్గించగలదు. గది మింగేసిన స్వరాన్ని తిరిగి తేలేదు. అక్కడ నేరుగా వచ్చిన తరంగాన్ని గోడ నుంచి తిరిగొచ్చిన తరంగం రద్దుచేస్తోంది, మనం రెట్టింపు శక్తి పంపితే రద్దుచేసేదీ రెట్టింపవుతుంది. స్పీకరు వెనక గోడకు మీటరు దూరంలో ఉంటే 86 హెర్ట్జ్ దగ్గర ఇలాంటి గుంట పడుతుంది. స్పీకరునో సోఫానో జరపడమొక్కటే దానికి మందు. మన హాళ్లలో టీవీ యూనిట్ ఒక గోడకు, సోఫా ఎదుటి గోడకు ఆనుకుని ఉంటాయి. బేస్ ఒత్తిడి గరిష్ఠంగా ఉండేది గోడ దగ్గరే. సోఫాను రెండడుగులు ముందుకు లాగితే పైసా ఖర్చు లేకుండా వచ్చే మార్పు ఖరీదైన కేబుల్‌తో రాదు. హార్మన్‌కే చెందిన టాడ్ వెల్టి 2002లో ఇంకో దారి చూపారు. ఒక భారీ సబ్‌వూఫర్‌కు బదులు రెండో నాలుగో చిన్నవాటిని ఎదురెదురు గోడల మధ్యభాగాల్లో పెడితే కొన్ని అనునాదాలు ఒకదాన్నొకటి అణచుకుంటాయి, కూర్చున్న ప్రతి ఒక్కరికీ బేస్ దాదాపు ఒకేలా అందుతుంది. కుటుంబమంతా కలిసి సినిమా చూసే ఇళ్లకు ఇది బాగా నప్పుతుంది.

గదిని పూర్తిగా లొంగదీసుకున్నా ఆదర్శం చేతికందదు. పాటను మిక్స్ చేసినవాళ్లు కూడా ఏదో ఒక గదిలో, ఏవో స్పీకర్లలో విని నిర్ణయాలు తీసుకున్నవాళ్లే. వాళ్ల గదిలో బేస్ ఎక్కువ మోగి ఉంటే పాటలో తగ్గించేసి ఉంటారు. ఆ తేడాను కొనుక్కునేవాడు ఏ దుకాణంలోనూ సరిచేయించుకోలేడు. అందుకే మీటలుండాలనడం. దుకాణం చేతిలో ఉన్నవి మాత్రం రెండున్నాయి. స్పీకరును అన్ని కోణాల నుంచి కొలిచి గ్రాఫుగా చూపే ప్రమాణం 2013 నుంచే ఉంది. ఆ కాగితం అడగొచ్చు. ఇక డెమో గదులు సాధారణంగా గోడలకు ప్యానెళ్లు బిగించి, దట్టమైన తివాచీ పరిచి తీర్చిదిద్దినవి. అక్కడ విన్నదాంట్లో మన ఇంటికి రానిది చాలా ఉంటుంది. కాబట్టి బేరం ఖాయం చేసేముందు ఆ జతను రెండు రోజులు మన హాలులో, మన సోఫాలో కూర్చుని వినే వీలు అడగాలి. ఇవ్వనంటే, అదే డబ్బులో సగానికి కొలతలు బాగున్న చిన్న జత తెచ్చుకుని, మిగతా సగం రెండు చిన్న సబ్‌వూఫర్లకూ పరదాలకూ పెట్టడం మేలు.