మా బావ వేటసంచి

మా బావ అమెరికా ప్రయాణం కబురు ఆళ్ళగడ్డలో నాలుగు వీధులూ తిరిగిన తరువాత గాని నంద్యాలలో ఉన్న నా చెవిని పడలేదు. కొడుకును చూడడానికి తండ్రి వెళ్ళడంలో వింతేముంది? ఈ రోజుల్లో మా సీమలో అమెరికా చూసిరాని తల్లిదండ్రులను వెదుక్కోవలసి వస్తోంది. వింత ఏమిటంటే, మా బావ వెళుతున్నది పిట్టల వేటకు!

మా మేనల్లుడు మిన్నెసోటా రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. వాడి స్నేహితుడొకనికి పక్క రాష్ట్రమైన దక్షిణ డకోటాలో పొలం ఉంది. ఏటా అక్టోబరు మూడో శనివారంనాడు అక్కడ ఫెజెంట్ పిట్టల వేట మొదలవుతుంది. బంధువులూ స్నేహితులూ అంతా పొలంలో చేరుతారు. మన సంక్రాంతి లాంటిదన్నమాట. "మా తాత పేరుమోసిన వేటగాడు, మా నాన్న ఆయన వెంట తిరిగినవాడు" అని మావాడు ఎప్పుడో గొప్పలు చెప్పుకున్నాడట. ఆ మాట పట్టుకొని వాళ్ళు పెద్దాయనను పిలిచారు.

"ఏం బామ్మర్దీ, సదువుకున్నోనివి గదా. ఏమేం కట్టుకోని పోవల్లనో ఒక పట్టీ రాసియ్యి" అని బావ ఫోను చేశాడు.

నేను చదువుకున్నది తెలుగు. నాకు తెలిసిన వేట ప్రబంధాలలోది. వలలు, ఉరులు, వేటకుక్కలు, డేగలు అన్నిటినీ మన కవులు ముచ్చటగా వర్ణించారు. వేటడేగకు సాళువమని పేరు. విజయనగరాన్ని ఏలిన సాళువ వంశానికి ఆ పేరు అందులోంచి వచ్చినదే. అయితే ఇంత చెప్పిన కవులలో ఒక్కరైనా, నాయకుడు ఎన్ని జతల మేజోళ్ళు తీసుకుపోవాలో చెప్పిన పాపాన పోలేదు. కాబట్టి వారం రోజులు పాఠాలు చెప్పుకుంటూనే మేనల్లుణ్ణి వేధించి, దొరికిన కాగితాలన్నీ చదివి ఒక పట్టీ తయారుచేశాను.

మొదటి ప్రశ్న తుపాకి. విమానంలో తుపాకి తీసుకుపోవచ్చునా అంటే, పోవచ్చు. గుండు తీసేసి, గట్టి పెట్టెలో పెట్టి తాళం వేసి, విమానం వారికి ముందుగా చెప్పి, చేతిసామానులో కాక కింద వేసే సామానులో ఇవ్వాలి. అమెరికాలోకి తేవడానికి ఆ ప్రభుత్వపు అనుమతి ముందే తెచ్చుకోవాలి. చుట్టపుచూపు వీసా మీద వెళ్ళినవాడు అక్కడ తుపాకి ముట్టడమే మామూలుగా నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చేతిలో ఉంటే ఆ మేరకు మినహాయింపు. కనుక తుపాకి అక్కడ ఎరువు తీసుకోవాలి, లైసెన్సు మాత్రం సొంతంగా తీసుకోవాలి అని పట్టీలో మొదటి మాట రాశాను. దక్షిణ డకోటాలో బయటివారికిచ్చే చిన్నవేట లైసెన్సు రెండు విడతలకు చెల్లుతుంది, విడతకు ఐదేసి రోజులు. మనిషికి రోజుకు మూడు పుంజులు, పెట్టను కొట్టకూడదు.

అన్నట్టు, పరదేశానికి పిట్టల వేటకు పోయేవారిలో మా బావను మించినవారున్నారు. ఎడారి బట్టమేకల కోసం పాకిస్తానుకు వచ్చే గల్ఫు దేశాల ప్రభువులు తుపాకులకు బదులు డేగలను తెచ్చుకుంటారు. ఎమిరేట్సులో వేటడేగకు పాస్‌పోర్టు ఇస్తారు! మూడేళ్ళు చెల్లుతుందట. మా బావ పాస్‌పోర్టు రావడానికి పట్టిన కాలం తలచుకుంటే ఆ డేగ అదృష్టమే అదృష్టం.

తక్కిన సామానులో ముఖ్యమైనవి మూడు. చెప్పులు, చలి, రంగు.

వేటంటే కాల్చడం కాదు, నడవడం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కోసిన మొక్కజొన్న చేలల్లో, నడుం లోతు గడ్డిలో నడవాలి. మడమ మీద బొబ్బ లేస్తే ఎంతటి వేటగాడైనా బండిలో కూర్చోవలసిందే. అందుచేత కొత్త బూట్లు అక్కడికి పోయి తొడగరాదు, నెల ముందే తొడిగి మెత్తపరచాలి. మా బావ ఈ సలహాను భక్తితో పాటించాడు. నంద్యాలలో కొన్న బూట్లు వేసుకొని దిగువ అహోబిలం నుంచి ఎగువ అహోబిలానికి నడిచి, వాటిని టెంకాయల అంగడిలో పెట్టి దర్శనం చేసుకొని, మళ్ళీ తొడుక్కొని దిగాడట. నేను చెప్పడం మరచిన సంగతి మేనల్లుడు చెప్పాడు: ఆ బూట్ల అడుగున ఆళ్ళగడ్డ నల్లరేగడి మన్ను ఉండకూడదు. పొలం మన్నుతో పాటు పైరు తెగుళ్ళు దిగుతాయని అమెరికా సుంకాలవారి భయం. ఏ పొలంలోనైనా తిరిగివచ్చారా అని అడుగుతారు కూడా. రైతు ఏమని చెబుతాడు? అక్క ఆ బూట్లను పళ్ళుతోమే బ్రష్షుతో కడిగి ఎండబెట్టింది.

చలికి ఒక లావుపాటి కోటు కంటె పలుచని ఉన్నిబట్టలు మూడు మేలు. అక్టోబరులో అక్కడ తెల్లవారి నీళ్ళు గడ్డకట్టే చలి ఉండవచ్చు. మధ్యాహ్నం నడుస్తుంటే చెమట పోస్తుంది. ఒక్కొక్కటే విప్పుకుంటూ పోవాలి. ఒంటికి తగిలే బట్ట నూలుది కాకూడదు. నూలు చెమటను పీల్చి తడిగా ఉండిపోతుంది, గాలి తగిలితే వణుకు పుడుతుంది. పుట్టినప్పటి నుంచి నూలుబనియను తప్ప ఎరుగని మనిషికి ఈ మాట ఒప్పించడానికి నాకు రెండు ఫోనులు పట్టాయి.

ఇక రంగు. టోపీ, పైచొక్కా మంటలాంటి నారింజరంగువి కావాలి. ఎండుగడ్డిలో ఒకరికొకరు కనబడకపోతే పిట్టకు తగలవలసింది మనిషికి తగులుతుంది. అక్క ఆ పొట్లం విప్పి చూసి "ఏందిది? ఈ వయసులో కాసాయమా?" అని కొయ్యబారిపోయింది.

చెవుల్లో పెట్టుకునే బిరడాలు, కంటికి గట్టి అద్దాలు, ముళ్ళకు చిరగని లాగు కూడా రాశాను. మొత్తం వేట సామాను ఏడు కిలోలకు మించలేదు. మిగిలిన బరువంతా ఊరగాయలదీ పొడులదీ. అందులోంచి నాటుకోడి పచ్చడి తీయించడానికి మాత్రం నేను అక్కతో పోట్లాడవలసి వచ్చింది. మాంసంతో చేసినవి వాళ్ళు రానివ్వరు.

ప్రయాణానికి రెండు రోజుల ముందు, ఆదివారం, నేను ఆళ్ళగడ్డ వెళ్ళాను. మంచం మీద అంతా పరిచి ఉంది. దాని నడుమ ఒక పాత తోలుసంచి. భుజానికి తగిలించుకునేది, అంచులు నల్లబడి, ఆముదం పట్టించి పట్టించి మెరుస్తున్నది.

"మా నాయనది. ఇది ల్యాకుండా వేటకు పోయేదేముంది?" అన్నాడు బావ.

నాకూ ముచ్చటేసింది. చేతిసామానుగా పట్టుకుపోతాడట. లోపలేమైనా ఉందా అని తడిమితే, అస్తరు గుడ్డ ఒకచోట చినిగి ఉంది. వేలు పెట్టాను. గుడ్డకూ తోలుకూ మధ్య ఏదో గుండ్రంగా తగిలింది. మెల్లగా లాగితే బయటికి వచ్చింది: పన్నెండో నంబరు తూటా. ఎర్రకాగితపు గొట్టం వెలిసిపోయింది, ఇత్తడి అడుగు పచ్చగా చిలుము పట్టింది. కాల్చినది కాదు.

కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనివాని దగ్గర తుపాకీయే అక్కరలేదు, ఒక్క తూటా ఉన్నా కేసే. విమానాశ్రయంలో సంచి ఎక్స్‌రే యంత్రంలోకి పోగానే ఆ ఇత్తడి చుక్క కనబడుతుంది. తెలియక ఉండిపోయిందని తేలితే కోర్టులు వదిలిపెట్టిన సందర్భాలున్నాయి. కాని అది తేలేదాకా విమానం ఆగదు గదా! అరవై దాటిన మనిషి, కన్నకొడుకును నాలుగేళ్ళకు చూడబోతూ, పోలీసు స్టేషను బెంచీ మీద కూర్చోవడం తలచుకుంటే నాకు ఒళ్ళు జలదరించింది.

తండ్రి పోయినప్పుడే తుపాకిని స్టేషనులో అప్పగించేశారట. ఈ ఒక్క తూటా మాత్రం సంచిలో దాగి ఉండిపోయింది. ఆ సాయంత్రమే, ఎలా దొరికిందో కాగితం మీద రాసుకొని వెళ్ళి దాన్నీ అప్పగించి వచ్చాము. నా పట్టీలో అన్నిటికంటె పైన ఇప్పుడున్న మాట ఇది: వేటకు వాడిన పాత సంచి, పాత కోటు, పాత బెల్టు విమానం ఎక్కించవద్దు. ఎక్కించక తప్పదంటే అస్తరు విప్పి చూడండి.

దారిలో బావ ఒక్కమాటే అన్నాడు. "బట్టమేకకని దాసిపెట్టుకున్నెడిదేమో."

ఆయనకు ఏడెనిమిదేళ్ళప్పుడు తండ్రి మిడుతూరు వైపు చుట్టాల ఊరికి పోయి ఒక బట్టమేక పిట్టను కొట్టి బస్సులో వేసుకొని వచ్చాడట. నిలబెడితే పిల్లవాని భుజం దాకా వచ్చిందట. అతిశయోక్తి కాదు. పోతు మీటరు ఎత్తుంటుంది, పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఎగిరే పక్షుల్లో అంత బరువైనవి లోకంలో కొన్నే. నాలుగిళ్ళకు పంచారట. అప్పటికి అది నేరం కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో గాని రాలేదు. కాని ఆ పిట్ట ఏడాదికి ఒక్క గుడ్డు పెడుతుంది, అదీ నేల మీద. కుక్కకు దొరకవచ్చు, పశువు కాలికింద పడవచ్చు. అలాంటి ఇంట్లో ఒక్క చావును పూడ్చుకోవడానికి ఎన్నేళ్ళు కావాలి?

సరే, బావ వెళ్ళాడు, వచ్చాడు. నెల తరువాత నంద్యాలకు వచ్చి మా ఇంటి అరుగు మీద కూర్చొని చెప్పినదంతా రాస్తే ఒక సీరియలు అవుతుంది. బూట్లు కరవలేదు. ఉన్నిబనియను విప్పనే లేదట. వరుసగా ఇరవై అడుగులకొకరు నిలబడి చేలో నడుస్తారు, చేను చివర కొందరు కాచుకొని ఉంటారు. వాళ్ళు నడిచిన చేను ఏమిటనుకున్నారు? జొన్న! పిట్టల దాపు కోసమే కోయకుండా వదిలిన జొన్న. 1906 నుంచి వ్యవసాయ పరిశోధన స్థానం ఉన్న నంద్యాల మనిషిని, జొన్న సంగతి నాకు చెబుతావా అన్నాను. "గింజ సిన్నది. రొట్టెకు పనికిరాదు" అని తేల్చాడు బావ.

పిట్ట కాళ్ళకిందనుంచి కేకవేసి లేస్తుందట, గుండె ఆగిపోయేటట్టు. లేవగానే చూసినవాడు "పుంజు" అనో "పెట్ట" అనో అరవాలి. పిట్టకింద ఆకాశం కనబడితేనే కాల్చాలి; కనబడకపోతే అవతల కుక్కో మనిషో ఉండవచ్చు. మొదటిసారి బావ తుపాకి ఎత్తేసరికి "పెట్ట!" అని అరుపు. దించేశాడు. రెండు రోజుల్లో ఐదు తూటాలు కాల్చి ఐదూ ఆకాశానికి సమర్పించుకున్నాడు. తోక ఈక ఒకటి తెద్దామనుకుంటే కాగితాలు లేకుండా ఈకలు తేవడం చిక్కని కొడుకు వద్దన్నాడు.

బావను ఆశ్చర్యపరచింది మరొకటి. ఆ పిట్ట ఆ దేశానిది కాదు. చైనా నుంచి వచ్చింది. దక్షిణ డకోటాలో 1908, 1909 ప్రాంతాల్లో నాటుకొని, 1943లో ఆ రాష్ట్రపు పక్షి అయికూర్చుంది. లైసెన్సు సొమ్ము పిట్టల మేపుకూ దాపుకూ పోతుంది. 1937 నాటి చట్టం ఒకటి తుపాకుల మీద, తూటాల మీద పన్ను వేసి ఆ డబ్బును వన్యప్రాణుల పనికే మళ్ళిస్తుంది. బాతుల వేటకు సీసపు రవ్వలను 1991 నుంచి దేశమంతటా మాన్పించారు. నీళ్ళలో పడిన రవ్వలను రాళ్ళనుకొని మింగి బాతులు చస్తుండేవి. "పరాయి పిట్టకు ఇంత సేస్తాండారు. మన పిట్ట యాడుంది బామ్మర్దీ?" అన్నాడు.

సలీం ఆలీ బట్టమేకనే జాతీయపక్షిగా చేయమని కోరాడు. 1963లో ఆ గౌరవం నెమలికి దక్కింది. మన రోళ్ళపాడులో దానికోసం 1988లో అభయారణ్యం పెట్టారు, 614 హెక్టార్లు. పిట్ట నిలబడలేదు. చుట్టూ కాలువనీళ్ళు వచ్చి గడ్డి బీళ్ళు పొలాలయ్యాయి. ఇప్పుడు దేశం మొత్తం మీద నూట యాభై లోపే మిగిలాయని అంచనా. ఎక్కువ భాగం రాజస్థానులో. 2019 నుంచి జైసల్మేరు జిల్లాలో గుడ్లు పొదిగించి పిల్లలను సాకుతున్నారు.

జనవరిలో ఒకనాడు బావ నన్ను రోళ్ళపాడుకు బయలుదేరదీశాడు. ఈసారి పట్టీ ఆయనే రాసుకున్నాడు. తండ్రి తోలుసంచిలో దుర్భిణి, నీళ్ళు, జొన్నరొట్టెలు, పల్లీల పచ్చడి. అస్తరు చినుగును అక్క కుట్టేసింది. ఆ నారింజటోపీ పెట్టుకొని వచ్చాడు.

"తియ్యి బావా, పిట్టలు పది మైళ్ళనుంచి చూస్తాయి" అన్నాను. తీసి సంచిలో కుక్కాడు.

బట్టమేక కనబడుతుందని ఇద్దరమూ అనుకోలేదు. అయినా ఇద్దరమూ వెదికాము. కృష్ణజింకల మంద ఒకటి కనిపించింది. పొద్దు వాలేవేళ పిల్లిగద్దలు ఒకటొకటే వచ్చి గడ్డి మీద తక్కువ ఎత్తున తిరిగి రాత్రికి దిగడం మొదలుపెట్టాయి. బావ నేల మీద చతికిలబడి దుర్భిణి దించకుండా చూస్తున్నాడు.

"ఇవి యాడినుంచి వొస్తాయప్పా?"

"కజకస్తాను వైపు మైదానాల నుంచి. చలికాలానికి."

"అంత దూరమా! ఏం కట్టుకోని వొస్తాయో" అని లెక్క పెట్టసాగాడు. పదిహేడు దాకా వచ్చింది. ఆ పైన చీకట్లో గడ్డి ఏదో గద్ద ఏదో తెలియలేదు.