బావితో పాటు చెర్రీ తోట

ఇంగ్లాండులో ఆక్స్‌ఫర్డ్‌షైర్ చిల్టర్న్ కొండల మీద స్టోక్‌రో అనే పల్లె ఉంది. పూర్వం వేరే ఊళ్లకు శివారుగా ఉన్న మజరా. అక్కడ ఓ గుమ్మటం కింద బొక్కెనలు చేదే ఇనప చక్రాలు, వాటి మీద బంగారు రంగు ఏనుగు కనిపిస్తాయి. కాశీరాజు ఈశ్వరీప్రసాద్ నారాయణ్ సింగ్ తవ్వించిన బావి అది. భారతీయుడు ఇంగ్లీషు పల్లె దాహం తీర్చాడని మురిసిపోవడం సులువే. కానీ ఈ బావిలో మెచ్చుకోవలసింది దానం కన్నా, దానం నిలవడానికి చేసిన ఏర్పాటు.

అక్కడ వానలకు లోటు లేదు. కింద ఉన్నది సుద్దరాయి కనుక పడ్డ నీరు పడ్డట్టే ఇంకిపోతుంది. గుంటల్లో, బంకమట్టి తవ్విన గోతుల్లో నిలిచిన నీళ్లే జనానికి దిక్కు. పక్కనే ఉన్న ఇప్స్‌డెన్‌కు చెందిన ఎడ్వర్డ్ రీడ్ మన దేశంలో ఈస్టిండియా కంపెనీ అధికారిగా పనిచేశాడు, 1831లో ఆజంగఢ్‌లో ఒక బావికి సాయపడ్డాడు. ఇంట్లో మిగిలిన నీళ్లు తాగేసినందుకు తమ ప్రాంతంలో ఓ పిల్లవాడు దెబ్బలు తిన్న సంగతి ఆయన చెప్పగా రాజు మరచిపోలేదంటారు. నాలుగడుగుల వెడల్పు, 368 అడుగుల లోతు. రెండు చార్మినార్లను ఒకదానిపై ఒకటి నిలబెట్టినంత లోతున్న ఆ గొయ్యిని మనుషులు చేతులతోనే తవ్వారు. 1864 మే 24న, విక్టోరియా రాణి పుట్టినరోజున, బావి జనానికి అందింది.

ఆ తేదీ చూడగానే అభ్యంతరం రానే వస్తుంది. 1857లో ఇంగ్లీషువాళ్ల పక్షాన నిలిచిన రాజు ఏలికల మెప్పు కోసం ఇచ్చాడని, 1860–61లో గంగా యమునల నడుమ కరువు విలయం చేస్తే ఆ డబ్బు అక్కడ ఖర్చు పెట్టవలసిందని. మెప్పు కోరిక లేదని ఎవరూ వాదించలేరు. అయితే మెప్పు మాత్రమే కావాలంటే గుమ్మటం, శిలాఫలకం చాలు. ఇక్కడ నీళ్లు ఎప్పటికీ ఉచితమన్నారు. బావి చూసుకునే మనిషికి ఇల్లు కట్టారు. పక్కనే చెర్రీ తోట వేసి, దాని రాబడి నిర్వహణకు కేటాయించారు. చెరువుల మరమ్మతుకు దశబంధ మాన్యాలిచ్చిన రాయలసీమకు ఈ పద్ధతి కొత్తేం కాదు.

మన విజయనగరం మహారాజు కూడా అదే దశాబ్దంలో లండన్ హైడ్ పార్కులో మంచినీటి ఫౌంటెన్ కట్టించాడు. దాన్ని 1960లలో తొలగించారు. మహానగరంలో రోడ్లు, అవసరాలు మారతాయి కనుక రెంటినీ ఒకే తూకం వేయరాదంటే, ఆ మాటా నిజమే. గొట్టాల నీళ్లు వచ్చాక స్టోక్‌రోలోనూ బొక్కెన ఆగిపోయింది. అయినా అక్కడ బావిని తమదనుకునే ఊరుంది, దాన్ని చూసుకునే ధర్మకర్తలున్నారు. హైడ్ పార్కు ఫౌంటెన్‌కు అలాంటి ఊరు లేదు.

అందుకే సొంతూళ్లలో నీటి ప్లాంట్లు, బడి గదులు కట్టిస్తున్న సంఘాలు ఫలకం మీద పేర్ల జాబితాకు ముందే, పదేళ్ల తర్వాత ఫిల్టరు మార్చే డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో కాగితం మీద రాసుకోవాలి.