లెగో గళ్ళలో బీటిల్ ఒంపులు

ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు చూశారు కదా? ఒంటి మీద తిన్నటి గీత వెతికినా దొరకదు. లెగో ఇటుకలేమో మూలలు తేలిన పెట్టెలు. మరి వీటితో అరచేతిలో పట్టే బీటిల్ ఎలా కడతారు?

ముందు లెక్క చూద్దాం. ఇటుక మీద బుడిపెకీ బుడిపెకీ మధ్య దూరం 8 మిల్లీమీటర్లు. ప్లేట్ అనే పల్చటి ముక్క ఎత్తు 3.2. అసలు కారు వెడల్పు 1.54 మీటర్లు. దాన్ని 6 బుడిపెల్లో ఇరికిస్తే స్కేల్ సుమారు 1:32. అప్పుడు పొడవు 16 బుడిపెలు, ఎత్తు దాదాపు 15 ప్లేట్లు. మనకున్న రిజల్యూషన్ అంతే!

పైగా ఈ పిక్సెల్స్ చదరం కావు. అడ్డంగా 8, నిలువుగా 3.2. పైకప్పు మెల్లగా వంగుతుంది కాబట్టి అక్కడ ప్లేట్లని మెట్లలా పేర్చినా ఒంపులాగే కనిపిస్తుంది. ముక్కు, తోక మాత్రం నిటారుగా దిగుతాయి. అక్కడ 8 మిల్లీమీటర్ల మెట్టు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఉపాయం ఏంటంటే, పక్కన బుడిపె ఉన్న ఇటుక పెట్టి, దానికి ప్లేట్లని నిలువుగా తగిలించడం. ఇప్పుడు సన్నటి కొలత అడ్డంగా వస్తుంది. 5 ప్లేట్ల మందం, 2 బుడిపెల దూరం రెండూ 16 మిల్లీమీటర్లే. అందుకే తిప్పిన ముక్కలు కూడా సందు లేకుండా కుదురుతాయి.

2016లో లెగో తెచ్చిన పెద్ద బీటిల్‌లో 1,167 ముక్కలున్నాయి. చిన్నదానికి అంత చోటు లేదు. డోర్ హ్యాండిల్స్, అద్దాల అంచులు వదిలేయొచ్చు. పైకప్పు విల్లునీ, చక్రాల మీద ఉబ్బిన మడ్‌గార్డుల్నీ మాత్రం వదలకూడదు. మడ్‌గార్డులకి రెండు వైపులా చెరో బుడిపె ఇస్తే కారు గదికి మిగిలేది 4 బుడిపెలే. ఇరుకే, కానీ బీటిల్‌ని గుర్తుపట్టేది వాటితోనే.